మాస్కు ఎత్తమన్న రోజు

మా అమ్మాయి వెల్డింగ్ నేర్చుకుంటానన్నప్పుడు ముందుగా నా కళ్ళకు కట్టింది ఆసుపత్రి మంచం. నా బుర్ర అలాంటిది. మా ఆయన బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడేదాకా నా ప్రాణం నాలో ఉండదు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చే మనిషిని. తడి చేత్తో స్విచ్చు ముట్టుకోను సరే, పొడి చేత్తో ముట్టుకోవాలన్నా ఒకసారి ఆలోచిస్తాను. అలాంటి నాకు నిప్పుతో ఇనుము అతికే పిల్ల పుట్టింది.

ఆ సెంటరు మా ఇంటికి దగ్గర్లోనే, పాత గోడౌన్‌లో ఉంది. ఏదో ఫౌండేషన్ వాళ్ళు గ్రాంటు ఇచ్చి పెట్టించారు. "యువతకు నైపుణ్యం, ఆడపిల్లలకు సమాన అవకాశం" అని బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే నేర్చుకుంటారు. మొట్టమొదటి పనిగా పిల్లల చేత ఆ సెంటరు గేటే చేయించారు. నేను చూడగానే, "గొళ్ళెం ఇంత కిందనా పెట్టేది? కడ్డీల్లోంచి చెయ్యి పెడితే ఎవడైనా తీసేస్తాడు," అన్నాను.

మా అమ్మాయి తల పట్టుకుంది. "అమ్మా, గేటు ఎలా ఉందో చెప్పు. దొంగ ఎలా వస్తాడో కాదు."

అక్కడి మాస్టారు మాత్రం నాకు నచ్చాడు. ఓడలు బాగుచేసే చోట ఏళ్ళ తరబడి పనిచేసి సగం వినికిడి పోగొట్టుకున్న మనిషి. ఆయన షెడ్డులో ఒక పద్ధతి పెట్టాడు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకి తాకించి కళ్ళు కాల్చే ఆ మెరుపు పుట్టించే ముందు, ఎంతటి మొనగాళ్ళైనా, "కళ్ళు!" అని గట్టిగా కేక వెయ్యాలి. ఆ కేకతో పనిచేసేవాళ్ళు నల్లద్దం మాస్కు మొహం మీదికి దించుకుంటారు, చుట్టుపక్కల ఉన్నవాళ్ళు గోడ వైపు తిరుగుతారు. మర్చిపోయినవాళ్ళ చేతికి ఆ రోజంతా చీపురే. మా ఇంట్లో కూడా ఇది అంటుకుంది. మా అమ్మాయి స్టవ్ వెలిగించే ముందు "కళ్ళు!" అని అరుస్తుంది, నన్ను ఉడికించడానికి. మా ఆయన టీవీ పెట్టే ముందు అరుస్తాడు. తండ్రీ కూతుళ్ళకి నేనంటే అంత వేళాకోళం.

ఫౌండేషన్ మేడమ్ చూడ్డానికి వస్తోందని తెలిశాక సెంటరు వాలకమే మారిపోయింది. గోడలకి సున్నం, కుర్చీలకి గుడ్డలు. అమ్మాయిల మాస్కులకి గులాబీ రంగు వేయించారు. మాస్టారుని మాత్రం ఇనుము కొనుక్కురమ్మని వేరే ఊరు పంపించేశారు. మెల్లగా మాట్లాడ్డం ఆయనకి చేతకాదు, మేడమ్ ముందు అరుస్తాడని సెంటరు నడిపే కోఆర్డినేటర్ భయం.

మేడమ్ వచ్చే ముందురోజు సాయంత్రం, మా అమ్మాయి తన స్నేహితురాలిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఇంటికి తెచ్చింది. ఆ పిల్లని అందరూ గువ్వ అంటారు, గొంతు అంత మెత్తన. రెండు కళ్ళూ వాచిపోయి, నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"పిన్నీ, ఆ లైటు తీసెయ్యవా?" అంది గువ్వ. "కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టుంది."

"ఎవరు కొట్టారే నిన్ను?"

"ఎవరూ కొట్టలేదులే. రిహార్సల్," అంది మా అమ్మాయి నా వంక చూడకుండా.

తడిగుడ్డ కళ్ళ మీద వేసి గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఫోటోలు తీయడానికి ఒకతన్ని పిలిపించారట. మాస్కు వేసుకుంటే మొహం కనబడదు, మొహం కనబడకపోతే అక్కడున్నది ఆడపిల్ల అని ఎవరికి తెలుస్తుంది అన్నాడట. మాస్కు నెత్తిమీదికి ఎత్తి, నవ్వుతూ రాడ్డు తాకించమన్నారట.

"మరి అబ్బాయిలు?"

"వాళ్ళు మామూలుగా మాస్కులు దించుకునే చేశారు. వాళ్ళ మొహాలు ఎవడిక్కావాలి?" అంది మా అమ్మాయి.

"నేను కళ్ళు మూసుకున్నాను పిన్నీ," అంది గువ్వ తడిగుడ్డ కిందనుంచి. "కానీ ఎక్కడ తాకించాలో చూడాలి కదా, తెరిచాను. నవ్వు బాగా రాలేదని మళ్ళీ మళ్ళీ తీశారు."

వెంటనే తీసుకెళ్తే కళ్ళ డాక్టరు చుక్కల మందు రాసి, చీకటి గదిలో పడుకోబెట్టమంది. "ఇప్పటికి తగ్గిపోతుంది. మళ్ళీ మళ్ళీ ఇలాగే చేస్తే మాత్రం చూపుకే ముప్పు," అంది. గువ్వని వాళ్ళమ్మకి అప్పగించి ఇంటికొచ్చాం.

ఇంట్లోకి రాగానే మా అమ్మాయే అంది. "రేపు గువ్వ బదులు నేను చెయ్యాలి."

"ఏంటీ?"

"రెండు క్షణాలే అమ్మా. మేడమ్ ముందు చేసినవాళ్ళనే పైపుల వెల్డింగ్ బ్యాచ్‌లోకి తీసుకుంటామని కోఆర్డినేటర్ సార్ చెప్పారు. పైపులు వస్తే ఎక్కడికెళ్ళినా పనికి లోటుండదు. ఎల్లకాలం గేట్లు చేసుకుంటూ కూర్చోవాలా?"

"పైపు కనబడాలంటే కళ్ళుండాలిగా! ఆ పిల్లని చూశాక కూడా నీకు బుద్ధి రాలేదా?"

"నేను గట్టిగా మూసుకుంటాను."

"అది కూడా మూసుకుంది!"

మా అమ్మాయి సంచీ విసిరేసింది. "నేను దగ్గితే నీకు భయం. రోడ్డు దాటితే భయం. వాన పడితే భయం. అందులో ఏది నిజంగా భయపడాల్సిందో, ఏది ఉత్తినే నీ భయమో నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆ సంచీ తీసి మేకుకి తగిలించాను. ఒళ్ళు మండటం మాత్రం తగ్గలేదు.

పొద్దున అందరికంటే ముందు వెళ్ళి గేటు దగ్గర కోఆర్డినేటర్‌ని పట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలగుత్తి.

"బాబూ, మాస్కు ఎత్తి చేయించొద్దు. గువ్వ కళ్ళు చూశారా?"

"కళ్ళకలక అమ్మా అది. ఊళ్ళో అందరికీ వస్తోంది."

"మా అమ్మాయికి రేపొస్తుందని ఇవాళే మీకు తెలుసన్నమాట."

"అయ్యో, రెండు సెకన్ల పనమ్మా! ఈ గ్రాంటే ఆడపిల్లల కోసం. ఆడపిల్ల కనబడకపోతే వచ్చే ఏడాది ఎవరిస్తారు? మీ ఒక్కరి భయానికి ఇంతమంది నోటికాడ కూడు తీస్తారా?"

"అయితే మీరే ఎత్తండి మాస్కు. మీ మొహం మాత్రం తక్కువేంటి, పెళ్ళికొడుకులా ఉన్నారు."

"మీరు భలే జోకులేస్తారమ్మా," అని నవ్వి, వెనక వరసలో కుర్చీ చూపించాడు.

మేడమ్ వచ్చింది. మైకులో చాలా మంచి మాటలు చెప్పింది. ఆడపిల్లలు కనబడాలి, వినబడాలి అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు ఒళ్ళోంచి లేవలేదు. తర్వాత అందర్నీ షెడ్డులోకి తీసుకెళ్ళారు. ఒక పక్క తెర వెనక అబ్బాయిలు మాస్కులు దించుకుని వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఇవతల దీపాల మధ్య బల్ల ముందు మా అమ్మాయి. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నా భుజం పక్కనే కరెంటు పెట్టె. మామూలుగా అయితే ఆ పెట్టెకి ఆమడ దూరం పారిపోయేదాన్ని.

"మాస్కు పైకి," అన్నాడు ఫోటోగ్రాఫర్. "ఇంకొంచెం పైకి. ఆ జుట్టు ముందుకి వెయ్యమ్మా. ఏదీ, నవ్వు. వీడియో కూడా వస్తోంది, ఆ కేక గీక వెయ్యొద్దు, సౌండ్ పాడవుతుంది."

కేక వెయ్యొద్దట! ఒక ముసలాయన చెవులు పోగొట్టుకుని, ఈ పిల్లల కళ్ళు పోకూడదని నేర్పిన ఆ ఒక్క కేక.

మా అమ్మాయి రాడ్డు ఎత్తింది. కళ్ళు బిగించి మూసుకుంది. పెదాలు మాత్రం చెప్పినట్టు నవ్వుతున్నాయి. దెబ్బ పడుతుందని ముందే తెలిసిన పిల్ల మొహం అలా ఉంటుంది. కడుపున పుట్టినదాన్ని అలా చూశాక అరికాలి మంట నా నెత్తికెక్కింది.

"కళ్ళు!" అని అరిచాను.

నాకే తెలియదు నాకు అంత గొంతుందని. ఆ కేకకి అమ్మాయిలు, నిలబడ్డ అబ్బాయిలు, టీ కప్పులు పట్టుకున్నవాళ్ళు, నేర్చుకునే ప్రతి ఒక్కళ్ళూ ఒక్కసారిగా గోడ వైపు తిరిగారు. మా అమ్మాయి తల విదిలించగానే గులాబీ మాస్కు టక్కున మొహం మీద పడింది. అతిథులు మాత్రం నోళ్ళు తెరిచి అలాగే చూస్తూ నిలబడ్డారు. నేను కరెంటు పెట్టె తలుపు లాగి, చేతికందిన అన్నిటికంటే పెద్ద పిడి కిందికి దించేశాను.

దీపాలు, మైకు, ఫ్యాన్లు, అన్నీ చచ్చిపోయాయి.

"ఎవరు? ఎవరది?" అని కోఆర్డినేటర్ పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఏమీ అనుకోకండి, ఈవిడకి కొంచెం..." అని తన కణత మీద వేలు తిప్పి చూపించాడు.

"ఆ, కొంచెం పిచ్చే నాకు," అన్నాను. "అమ్మా మేడమ్, నిన్న ఇలాగే ఇంకో పిల్ల కళ్ళు కాల్చారు. ఇవాళ చీకటి గదిలో పడుంది. మొహం కనబడకపోతే మీరు గ్రాంటు ఇవ్వరట."

మేడమ్ తడబడింది. "అమ్మాయిలు కనబడే ఫోటోలు పంపమన్నాం, అంతే. ఇలా చెయ్యమని ఎవరూ అనలేదే."

"ఎలా కనబడతారనుకున్నారు? పనిచేసే పిల్లకి మాస్కు ఉంటుంది. మాస్కు ఎత్తిన పిల్ల పని చేస్తున్నట్టు కాదు. మీ డబ్బు ఆ పిల్ల పనికో మొహానికో, ముందు మీరు తేల్చుకోండి."

మా అమ్మాయి గొంతు మాస్కు లోపలి నుంచి వచ్చింది. నా మీద మండిపడుతున్నట్టే ఉంది ఆ గొంతు. "కరెంటు పెట్టండి సార్. నేను చేసి చూపిస్తాను. మాస్కు తియ్యను."

పిడి ఎత్తారు. మా అమ్మాయి "కళ్ళు!" అంది. ఈసారి అతిథులు కూడా గోడ వైపు తిరిగారు, మేడమ్ అందరికంటే ముందు. ఫోటోగ్రాఫర్ కెమెరా దించేసి, "ఇందులో తియ్యడానికి ఏముంది?" అని గొణిగాడు. పని అయ్యాక మేడమ్ అతుకు వంక చూసి, బాగుందని చెప్పి, గడియారం చూసుకుని వెళ్ళిపోయింది. అంతే. గువ్వ గురించి ఒక్క ముక్క అడగలేదు. దానికి నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనే ఉంటుంది.

మేము బయటికొస్తుంటే కోఆర్డినేటర్ గేటు దగ్గర కాపు కాశాడు. పూలగుత్తి ఎక్కడో పారేసినట్టున్నాడు. "ఇకమీదట మీరు ఈ గేటు దాటి లోపలికి రావడానికి వీల్లేదు. నీ పైపుల సంగతి మాస్టారు వచ్చాక చూద్దాం," అన్నాడు, మొదటిది నాతో, రెండోది మా అమ్మాయితో.

దారిలో మా అమ్మాయి నాకంటే పది అడుగులు ముందు నడిచింది. పైపుల బ్యాచ్ పోయిందనీ, ఇక జన్మలో నాతో మాట్లాడదనీ, ఇల్లు వదిలి పోతుందనీ నేను అప్పుడే ఊహించేసుకున్నాను.

"మెయిన్ ఎందుకు దించావు?" అంది ఉన్నట్టుండి.

"మరేం చెయ్యమంటావే? చూస్తూ ఊరుకోమంటావా?"

"తెర వెనక వాళ్ళ అతుకులు మధ్యలో ఆగిపోయాయి. అదంతా అరగదీసి మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. రేపు నన్ను తిడతారు." కాస్త దూరం నడిచింది. "దాని ఎడమ పక్కన చిన్న ఎర్ర పిడి ఉంది. మా బల్లది అదొక్కటే. ఇంకోసారైతే అది దించు."

"ఇంకోసారా? గేటు దాటొద్దన్నాడుగా ఆయన."

"గొళ్ళెం కిందకుందిగా. కడ్డీల్లోంచి చెయ్యి పెట్టు, వస్తుంది."

"చెయ్యి ఇరుక్కుంటేనో?"

"ఇరుక్కోదు," అంది మా అమ్మాయి విసుగ్గా. "కడ్డీల కొలత నాదే."