నాలా అవతల ఎవరు చూస్తున్నారు

మల్లాపూర్ ఫ్యాక్టరీల వెనక రేకులబస్తీలో ఆ బుధవారం వెంకటనర్సమ్మ షుగర్ టెస్టుకు రక్తం ఇవ్వనని మొండికేసింది.

"పోయిన నెల ఒకళ్లు గుచ్చిన్రు, మొన్న ఇంకొకళ్లు గుచ్చిన్రు. నాకు షుగరున్నదని నాకు తెల్వదా రత్నమ్మా? గోళీలు తెమ్మను, అప్పుడు సెయ్యి సాపుత."

బతిమాలే ఓపిక రత్నకుమారికి లేదు. ఎనిమిదేళ్లుగా ఆ బస్తీలో ఆరోగ్య కార్యకర్తగా తిరుగుతోంది. మూడు ట్రస్టులు అక్కడి వైద్యానికి నిధులిస్తున్నాయి. మూడింటికీ ఇళ్లు చూపించేది, ఫారాలు నింపేది ఆమే. అడిగే ప్రశ్నలన్నీ ఒకటే. కానీ ఒకరు రాసుకున్నది ఇంకొకరికి చూపించరు. ఎందుకని అడిగితే "మా ఫార్మాట్ వేరమ్మా" అంటారు.

నిజానికి ఆమె కోపం వెంకటనర్సమ్మ మీద కాదు. నాలుగు రోజుల కిందట, బస్తీ పక్కన మురుగు పారే నాలా అవతలి కూలీల గుడిసెల్లో దుర్గాభవాని అనే ఎనిమిదో నెల గర్భిణికి ఫిట్స్ వచ్చాయి. ఆమె భర్త పరుగెత్తుకొచ్చి పిలిస్తే రత్నకుమారే ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకెళ్లింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. "ఒక్కసారన్నా బీపీ చూడలేదా?" అని డాక్టరమ్మ రత్నకుమారిని అడిగింది. అటువైపు వేరేవాళ్లు చూసుకుంటున్నారని పై నుంచి చెప్పినప్పుడల్లా తనూ నమ్మేసింది. అంతకుముందు ఒక్కరోజైనా నాలా దాటి చూసింది లేదు.

ఆ బుధవారం ఇంటికెళ్లగానే మూడు ట్రస్టులకూ ఫోన్లు చేసింది. శనివారం చర్చి హాలుకు రమ్మంది. ఒకరు హెడ్డాఫీసు పర్మిషన్ లేదన్నారు. ఇద్దరొచ్చారు. ఒక ట్రస్టు నుంచి రిటైర్మెంటుకు దగ్గరపడ్డ భూషణం, మరో ట్రస్టు నుంచి కొత్తగా చేరిన దీప.

భూషణం తన సంచి జిప్పు కూడా తీయలేదు. "లిస్టులు బయటపెట్టకూడదమ్మా. పేర్లుంటాయి, జబ్బులుంటాయి."

"పేర్లు నాకెందుకు సార్? రాసిందే నేను. ఏ గల్లీల తిరుగుతున్రో గది చెప్పున్రి చాలు." సుద్దముక్కతో నేల మీద గల్లీలు గీసింది, పక్కన నాలా గీసింది.

"ఒకటి నుంచి ఆరు దాకా," అన్నాడు భూషణం.

"మాది గూడ ఒకటి నుంచి ఆరే," అంది దీప, కొంచెం ఇబ్బందిగా.

"మరి నాలా అవతల?"

"అటు దీపగారి ట్రస్టు కదా! మా రిపోర్టులో అలాగే రాశాం."

దీప కాయితాలు తిరగేసింది. ఒకచోట వేలు ఆగింది. "మా దాంట్ల మీరు చేస్తున్నరని ఉంది సార్."

రత్నకుమారికి ఒళ్లు మండింది. "ఎన్నేండ్ల సంది గిట్ల రాస్తున్రు? ఒక్క ఫోన్ జేసి అడగనీకి ఏమైంది మీకు? గా దుర్గాభవాని బిడ్డ పోయినంక నాకు నిద్రనే లేదు. మీరేమో నువ్వంటే నువ్వని కాయితాల మీద రాసుకుంట కూసున్నరు!"

దీప అక్కడే నిలబడి తన సారుకు ఫోన్ చేసింది. "షుగర్ టెస్టుల లెక్క తగ్గుతది సార్... తగ్గనీయున్రి. గురువారం మన టెస్టుల వ్యాను నాలా అవతలికి పోవాలె." అరగంట వాదించాక ఒప్పించింది. భూషణం పైకి రాస్తానన్నాడు. ఆ ఉత్తరానికి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. అయితే మళ్లీ గుచ్చే పని లేకుండా, పేర్లు తీసేసిన తమ ట్రస్టు షుగర్ టెస్టుల ఫలితాల కాపీ మాత్రం ఆ సాయంత్రమే దీపకిచ్చి, గోళీలు తాము తెస్తామన్నాడు. మూడో ట్రస్టు మరుసటి నెల అవే ప్రశ్నలతో సర్వేకి మళ్లీ వచ్చింది.

అనుకున్నట్టే ఆ గురువారం వ్యాను మొదటిసారి నాలా దాటింది. పంతొమ్మిది మంది గర్భిణులకు బీపీ చూస్తే నలుగురికి ఎక్కువుంది. అందులో ఒకమ్మాయిని అప్పటికప్పుడే దవాఖానకు పంపాలి. ఆ అమ్మాయి అత్త సారలమ్మ అడ్డం నిలబడింది.

"మంచిగనే తిరుగుతున్నది కదా, దవాఖాన ఎందుకు? ఇన్ని దినాలు ఎవరన్నా అడిగిన్రా మమ్ముల?"

"అడగలేదు. తప్పయింది," అంది రత్నకుమారి. "ఇప్పుడు జర పక్కకు జరుగమ్మా. నువ్వు గూడ వ్యాను ఎక్కు, ఇద్దరం కలిసి కూసుందాం."

సారలమ్మ గొణుగుతూనే చెప్పులు వేసుకుంది.