పాలగిన్నె పక్కన

“వెల్లుల్లి వలిచిన చేత్తో నన్ను ముట్టుకోకే, కంపు.” పెళ్లయిన కొత్తలో మా ఆయన చిన్నారావు అన్న మాట ఇది. ఇప్పటికీ గడ్డ విప్పిన ప్రతిసారీ చెవిలో వినిపిస్తుంది. వెల్లుల్లి కారం లేకపోతే మా ఆయనకి ముద్ద దిగదు. కంపు మాత్రం నా చేతులదట. కిరండూల్ ఇనుప గనిలో షిఫ్టు దిగి ఒంటినిండా ఎర్ర దుమ్ముతో ఇంటికొస్తే, ఆ దుమ్ము గురించి నేను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నానబెట్టి, ఉతికి, ఆరేశాను.

క్వార్టర్ వెనక పెరట్లో వెల్లుల్లి వేద్దామన్న ఆలోచన నాదే. మొదటి ఏడు ఆకు ఏపుగా లేచింది. పీకి చూస్తే ఒక్క రెబ్బా లేదు, నున్నటి గుండ్రటి ముద్దలు. “మా ఆవిడ చేత్తో వేస్తే వెల్లుల్లి కూడా ఉల్లిపాయ అయిపోద్ది” అని స్నేహితుల ముందు నవ్వాడు, వాళ్లకి పకోడీలు వేసి ఇస్తున్నది నేనే. మరుసటి ఏడు, ఫ్రిజ్ అడుగున కూరల కింద పడి మరిచిపోయిన గడ్డలు కొన్ని దొరికితే, పారేయడం ఎందుకని అవీ నాటాను. అవి మాత్రమే రెబ్బలు కట్టాయి. అప్పుడు అర్థమైంది. ఇక్కడి చలి మనుషుల్ని వణికిస్తుంది గాని వెల్లుల్లికి చాలదు, నాటేముందు విత్తనం వారాల తరబడి చలిలో ఉండాలి. అప్పటినుంచి దసరా ముందు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తాను, కార్తీక పౌర్ణమి దాటాక నాటుతాను. ఎలా పండిస్తున్నావని ఆయన ఎప్పుడూ అడగలేదు. టౌన్‌షిప్‌లో పెరటి తోటల పోటీ పెడితే మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మడి పక్కన నిలబడేవాడు. షీల్డు టీవీ మీద ఉంది. వీధిలో అందరూ ఆయన్ని ‘లహ్‌సున్‌వాలే రావ్’ అంటారు, వెల్లుల్లి రావు అని.

పోయినేడు అడిగాను, ఈసారి నా పేరు ఇవ్వండని. “క్వార్టర్ నా పేరున ఉంది. పోటీ ఉద్యోగులకి. నువ్వేటి ఉద్యోగం చేస్తున్నావని?” అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. ఆ పూట వంటింట్లో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపాన్ని అలాగే ఉంచుకున్నాను.

ఈ దసరాకి మా అత్త రమణమ్మ వచ్చింది. నవరాత్రుల తొమ్మిది రోజులూ, ఆ పైన కార్తీకమంతా ఆవిడ వెల్లుల్లి ముట్టదు. వచ్చిన మర్నాడే ఫ్రిజ్ తెరిచి, డబ్బా మూత తీసి చూసింది. “ఏటే ఇది? అమ్మవారికి పెట్టే పాలగిన్నె పక్కన ఎల్లుల్లేటి? మీ ఇంట్లో మడీ మైలా నేర్పలేదా?” అంది. విత్తనం అత్తయ్యా, చలిలో ఉండాలి అంటుండగానే ఆయన వచ్చి డబ్బా లాక్కుని పెరట్లోకి విసిరేశాడు. “ఇల్లంతా కంపు చేస్తన్నావు. ఇంకోసారి ఫ్రిజ్‌లో కనపడితే సూడు. తీసేయంటే తీసేయడమే.” నేను నిమ్మచెక్కతో ఫ్రిజ్ కడిగాను. తర్వాత పెరట్లో వంగి ఒక్కో రెబ్బా ఏరుకున్నాను.

పక్క క్వార్టర్ నాగలక్ష్మిది. గని ఆస్పత్రిలో నర్సు, ఒంటరి మనిషి, క్వార్టర్ ఆమె పేరునే ఉంది. గోడ దగ్గర నిలబడి అంతా చూసింది. “సగం నాకియ్యి ఇంద్రాణీ. నా ఫ్రిజ్‌లో నన్నడిగేవాళ్లు లేరు” అంది. సగం ఇచ్చాను. మిగతా సగం చాటలో పోసి వంటింటి అటక మీద వెచ్చగా ఉంచాను.

పౌర్ణమి దాటాక చలి తగిలినవి నాగలక్ష్మి పెరట్లో నాటాను. అటక మీదివి మా ఆయన మడిలో నాటాను. చెప్పొచ్చు, ఇవి రెబ్బలు కట్టవండీ అని. చెప్పలేదు. పైగా ఆ మడికి రెండింతలు పేడ ఎరువు వేశాను, కలుపు మొక్క కనిపించనివ్వలేదు. ఆకు మోకాలెత్తు లేచింది. ఆయన ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టుకున్నాడు. “ఈసారి గని పెద్దసారు ముందే పీకి సూపిస్తాను” అని ఊరంతా చెప్పుకున్నాడు. సాయంత్రాలు నీళ్లు పోస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. అంత సంతోషంగా ఆ మడికి నేను ఏ ఏడూ చాకిరీ చేయలేదు.

మార్చిలో పెద్దసారూ, జడ్జీలూ వచ్చారు. దసరాకొచ్చి ఇక్కడే ఉండిపోయిన మా అత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన చొక్కా చేతులు మడిచి మొదటి మొక్క పీకాడు. మట్టి దులిపాడు. నున్నటి ముద్ద. నవ్వుతూ ఇంకొకటి పీకాడు. మరొకటి. బొటనవేలితో నొక్కి చీల్చబోయాడు, చీలడానికి రెబ్బలుంటే కదా. పెద్దసారు ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, “రావ్‌జీ, యే తో ప్యాజ్ నికలా” అన్నాడు, ఇది ఉల్లిపాయ తేలిందే అని. అందరూ నవ్వారు. పకోడీల నాడు నవ్విన స్నేహితులు కూడా.

ఆయన చెమటలు కక్కుతూ నావైపు తిరిగాడు. “ఏటి చేసేవే దీన్ని?”

షీల్డు వచ్చాక నలుగురి ముందు ఆ మడి నాదని ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. “ఫ్రిజ్‌లోంచి తీసేయమన్నారు కదండీ. తీసేశాను” అన్నాను.

అప్పటికే, ఈసారి తనూ పోటీకి పేరిచ్చిన నాగలక్ష్మి గోడ అవతలనుంచి జడ్జీలను పిలుస్తోంది. ఆమె పీకి చూపించిన గడ్డలు పిడికిలంత ఉన్నాయి, పొట్ట పగిలేంత రెబ్బలు. “మడి నాదే సార్. పంట ఇంద్రాణిది. పేరు ఆమెది రాయండి” అంది హిందీలో, వీధంతా వినేలా. పెద్దసారు నా పేరు రెండుసార్లు అడిగి రాయించుకున్నాడు.

అందరూ వెళ్లాక మా అత్త గుమ్మంలోంచి లేవలేదు. ఆయన అడిగాడు, “నీకు ముందే తెలుసా?”

“నాటిన రోజే తెలుసు” అన్నాను.

నాగలక్ష్మి ఇచ్చిన గడ్డల్లో మంచివి ఏరి, వచ్చే ఏడు విత్తనానికి పక్కన పెట్టాను. ఒకటి మాత్రం వలిచి కారం నూరాను. మిగిలిన రెబ్బలు గిన్నెలో పోసి, ఇద్దరూ చూస్తుండగా ఫ్రిజ్ తెరిచి, పాలగిన్నె పక్కనే పెట్టాను. చేతులు కడుక్కోకుండానే ఆయనకి అన్నం పెట్టాను.