గోడవైపు తిరిగిన క్యాలెండర్

మా ఆయన నాగభూషణం గారికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టుంది. పక్క కొట్లో మీరావలి గారు బట్టలు కుడతారు. రంజాన్ నెలలో ఆయన రోజా ఉండటం చూసి, "ఇదేం పెద్ద పనండీ, మేం ఏకాదశులు ఉండటం లేదా? రేపు నేనూ మీతో ఉంటాను" అనేశారు ఈయన.

"ఉండండి. సాయంత్రం మా ఇంట్లో ఇఫ్తార్‌కి కలిసే రోజా విడుద్దాం" అన్నారు మీరావలి గారు.

ఇక ఈయన కాళ్లు నేలమీద ఆనలేదు. ఆ ఇఫ్తార్ పళ్లెం ముందు దర్జాగా కూర్చోవాలని ఒకటే ఆశ.

మా ఇంట్లో ఉపవాసమంటే అన్నం మానేయడం. ఉప్పుడుపిండి తినచ్చు. దాన్నీ బియ్యం రవ్వతోనే చేస్తాం, కానీ అది అన్నం కాదు. ఎందుకని నన్ను అడక్కండి. మర్నాడు గిన్నెడు చేసి, అరటిపళ్లు, ఫ్లాస్కుతో కాఫీ కొట్టుకి పట్టుకెళ్లాను. ఈయన మీరావలి గారి ఎదురుగానే కూర్చుని, అడుగు గోకి మరీ భక్తిగా తిన్నారు.

మీరావలి గారు కత్తెర పక్కన పెట్టారు. "ఏవండీ, రోజాలో మంచినీళ్లు కూడా ముట్టుకోమండీ."

"ముందు చెప్పాలి కదండీ" అని ఈయన మూతి తుడుచుకున్నారు. "సరే, ఇప్పట్నుంచి ముట్టను. అయినా చాటుగా ఓ గుక్క తాగితే ఎవరికి తెలుస్తుందండీ?"

"అల్లాకి తెలుస్తుందండీ. ఆ నమ్మకం లేకపోతే అది రోజా కాదు, ఒట్టి ఆకలి."

మిట్టమధ్యాహ్నం నాకు ఫోనొచ్చింది. ఈయనే, గుసగుసగా.

"కాంతం, బస్తాల వెనకున్నాను. చేతిలో నీళ్ల సీసా ఉంది. ఎదురుగా వెంకన్న స్వామి క్యాలెండరుంది."

"ఉంటే?"

"గోడవైపు తిప్పేశాను."

"మరింకేం, తాగండి."

సీసా మూత తీసిన చప్పుడైంది. "వెనక నుంచి కూడా కనబడుతుందంటావా?"

నవ్వాపుకోలేక ఫోను పెట్టేశాను.

సాయంత్రం కొట్టు తాళాలు నా చేతికిచ్చి, నన్నూ మీరావలి గారింటికి తీసుకెళ్లారు. అక్కడ ఈయన చాప చివర ఒదిగి కూర్చున్నారు. పళ్లెం జోలికి పోలేదు. "నాది రోజా కాదండీ. ఉప్పుడుపిండి తిన్నాను. పైగా సీసా మూత తీశాను" అని క్యాలెండర్ సంగతి కూడా చెప్పేశారు. ముందురోజు నుంచీ ఆశపడ్డ చోట అలా తల దించుకుంటే నాకు జాలేసింది.

మీరావలి గారు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. తర్వాత మొదటి ఖర్జూరం తీసి ఈయన చేతిలో పెట్టారు.

"తాగారా?"

"లేదండీ. మూత పెట్టేశాను."

"అక్కడ ఎవరూ లేరు కదండీ."

"ఉన్నట్టే అనిపించిందండీ."

"మేం చెప్పేదీ అదేనండీ. తినండి."

ఈయన ఖర్జూరం నోట్లో వేసుకున్నారు, నీళ్లు తాగారు. వెంటనే గాభరాగా లేచారు.

"కాంతం, కొట్టు తాళాలియ్యి. స్వామి ఇంకా గోడవైపే ఉన్నారు."