గిన్నె మునగలేదు

పొద్దున్నే ఇంత జొన్న గటక తిని, భుజం మీద తువ్వాలు వేసుకుని, రాజలింగు చెరువు కట్ట ఎక్కేవాడు. తూము పక్కన ఒక రాతి గోలెం ఉంది. దాన్ని చెరువు నీళ్ళతో నింపి, అడుగున సన్న చిల్లి ఉన్న రాగి గిన్నెను పైన వదిలేవాడు. చిల్లిలోంచి నీళ్ళు ఎక్కీ ఎక్కీ, గడియకు గిన్నె బుడుంగున మునిగేది. అది మునిగేదాకా ఒక కాలువ వంతు, తర్వాత రెండో కాలువ వంతు. మొదటిది దొర పొలాలకూ, ఆయన ఉండే గడికీ పోయేది. రెండోది కింది పొలాలకు, అంటే ఊళ్ళో తక్కిన అందరికీ.

కాలువ పేరు చెప్పి "రా తల్లీ" అంటే నీళ్ళు అందులోకి నడిచేవి. "చాలు" అంటే ఆగేవి. తూము తలుపు ఎప్పుడో పుచ్చిపోయింది, అవసరం లేదు కనుక ఎవరూ మళ్ళీ పెట్టించలేదు. తూములపల్లి చెరువు రాజలింగు ఇంటివాళ్ళ గొంతే వింటుంది. కొన్ని ఎద్దులు ఒక్క మనిషి మాటే వింటాయి కదా, ఇదీ అంతే. వర్ధన్నపేట నుంచి శిస్తుకు వచ్చిన అధికారి ఒకసారి కాసేపు చూసి, బీడీ ముట్టించుకుని తన పనికి తాను పోయాడు.

గోలెంలో నీళ్ళూ ఆ చెరువువే, అవీ మాట వింటాయి. కానీ రాజలింగు వాటితో ఏనాడూ మాట్లాడలేదు. "గిన్నె కాడ నోరు మూసుకునుడే మన కొలువు బిడ్డా" అని కూతురు సరోజనకు చెప్పేవాడు.

అవి యుద్ధం రోజులు. రెండేళ్ళుగా వానలు సరిగ్గా లేవు. సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం పేరు చెప్పి దొర మనుషులు కింది రైతుల గింజలను విత్తనాలతో సహా ఊడ్చుకుపోయి గడిలో నేల కింది పాతరలో పోశారు. చెరువులో నడుము లోతు నీళ్ళు మిగిలాయి. యాసంగి వరి పొట్టకొచ్చింది. సరిగ్గా అప్పుడు దొర హనుమకొండలో కొత్త గిన్నె చేయించాడు. దాని చిల్లి వెంట్రుక మందం. మునగాలంటే ఒక పూట పడుతుంది.

"నా వంతుకు ఇది పెట్టు. వాళ్ళకు పాతది" అన్నాడు.

"చెరువుకు ఒక్కటే గిన్నె దొరా" అన్నాడు రాజలింగు.

ఆ ఒక్క మాటకు అతన్ని వంగదీసి, వీపు మీద బండ పెట్టి, గడి వాకిట్లో ఎండకు నిలబెట్టారు. మూడు రోజులు. చెరువును పిలిచే నోట్లో చుక్క నీళ్ళు పోయనివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం అతని పెదవులు "రా తల్లీ" అన్నట్టు కదిలాయి. గొంతులోంచి చప్పుడు రాలేదు. చెరువుకు వినబడలేదు.

సరోజన ఆ పెదవులను చూసింది. ఏడవలేదు. ఏడ్పు దొరలకు మనం కట్టే ఇంకో శిస్తు, అది కట్టను అనుకుంది.

తండ్రి పదకొండో రోజు కర్మ ముగియగానే సరోజనకు గడి నుంచి పిలుపు వచ్చింది. వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. దొర పడక కుర్చీలో వెనక్కి వాలి చూశాడు.

"నీ అయ్య మొండోడు. నీకన్న బుద్ధి ఉన్నదా?"

"ఉన్నది దొరా."

ఆ వెనక అందరిలా బానిసనని ఒప్పుకుంటూ "నీ బాంచెన్" అంటుందని దొర చూశాడు. ఆమె అనలేదు.

కొత్త గిన్నెను ఆమె కాళ్ళ దగ్గర పడేయించాడు.

"పాతది ఏది దొరా?"

"కరిగిచ్చిన."

"మరి కింది కాలువ వంతు దేంతోని కొలవాలె?"

దొరకు నవ్వొచ్చింది. ఆ వంతు వచ్చేసరికి చెరువులో కొలవడానికి ఏం మిగులుతుంది? "దీంతోనే కొలువు. నీ అయ్య అననే అనె గద, చెరువుకు ఒక్కటే గిన్నె అని."

"ఇది మునిగేదాక ఎవరి వంతుకూ చాలు అనొద్దు. అంతేనా దొరా?"

"అంతే. అన్నవంటే బండ ఇంకా ఈ వాకిట్లనే ఉన్నది."

"మీరా సాహెబ్ మామా, ఇన్నవా?" అని వెనక్కి తిరిగి అడిగింది. మీరా సాహెబ్‌కు కింది కాలువ చివర ఎకరం పొలం ఉంది. "ఇన్న బిడ్డా. అందరం ఇన్నం" అన్నాడతను తల వంచుకునే.

ఇంటికి వచ్చాక తల్లి చిలుకమ్మ ఆమె మొహం చూసి సంగతి పసిగట్టింది.

"మీ నాయిన ఏనాడూ గోలెంల నీళ్ళతోని మాట్లాడలే."

"అందుకే సచ్చిండు."

"పాపం తగుల్తదే."

"నాయిన నోట్ల నీళ్ళు పొయ్యనోళ్ళకు తగిలిందా అవ్వా?"

మర్నాడు పొద్దున చిలుకమ్మ గటక ఒక ముద్ద ఎక్కువే పెట్టింది.

సరోజన కట్ట ఎక్కి, గోలెం నింపి, కొత్త గిన్నెను వదిలింది. తర్వాత గోలెం మీదికి వంగి, తండ్రి బతుకంతా అనని మాట అన్నది. "గిన్నెలకు ఎక్కకు తల్లీ."

లేచి నిలబడి దొర కాలువను పిలిచింది.

నీళ్ళు నడిచాయి. జాము పొద్దెక్కేసరికి దొర పొలాలు నిండాయి. తర్వాత మామిడి తోట నిండింది. చాలని ఎవరూ అనలేదు కనుక నీళ్ళు గడి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాయి. గడి జవాను ఉరుక్కుంటూ కట్ట మీదికి వచ్చాడు.

"గడిలకు నీళ్ళొచ్చినయి. చాలు అను."

"గిన్నె మునగలె అన్నా."

"నేను దొర మాట చెప్తాన్న."

"నేనూ దొర మాటే నడుపుతాన్న."

కట్ట కింద రైతులు మూగారు. వాళ్ళ వరి తలలు వాలేస్తోంది. చెరువేమో ఖాళీ అవుతోంది. "జర నమ్మకం ఉంచున్రి" అన్నది సరోజన. ఆమె చూపు గిన్నె మీదే ఉంది.

మిట్ట మధ్యాహ్నం దొరే వచ్చాడు. మేనా మోసే బోయీలు బురదలో చిక్కుకున్నారు కాబట్టి నడిచి వచ్చాడు. ఒక కాలికే చెప్పు ఉంది.

"దొర కాళ్ళు నేలకు ఆనుతయని ఇయ్యాల్నే తెల్సింది" అన్నాడు మీరా సాహెబ్. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఊళ్ళో దొర ముందు నవ్వు వినబడటం అదే మొదలు.

"పాతర్లకు నీళ్ళు దిగుతానయే. చాలు అను."

"గిన్నె మునగలె దొరా."

దొర గోలెం దగ్గరికి దూకి, గిన్నెను రెండు చేతులతో అడుగుకు నొక్కాడు. "మునిగింది. ఇగో, మునిగింది. చాలు అను."

"మునిగింది" అన్నది సరోజన, అందరికీ వినబడేటట్టు. "చాలు తల్లీ. దొర వంతు అయిపోయింది. ఇగ మా వంతు. కింది కాలువకు రా."

దొర చేతులు తీయగానే గిన్నె టపుక్కున పైకి లేచింది. లోపల ఒక్క చుక్క లేదు.

దొర పొలాల్లోంచి, తోటలోంచి, గడి గదుల్లోంచి నీళ్ళు వెనక్కి తిరిగాయి. గడి బావి కూడా ఆ చెరువు ఊటే. అదీ పిలుపు విని బయటికొచ్చింది. నీళ్ళు ఉత్త చేతులతో రాలేదు, పాతరలోని గింజలన్నీ మోసుకుంటూ వచ్చాయి. ఎవరి వడ్లు వాళ్ళ గట్ల మీద కుప్ప పోస్తూ, వరి మొదళ్ళు తడుపుతూ కిందికి పోయాయి. మీరా సాహెబ్ దోసెడు తీసి చూశాడు. "నా ఎర్రవడ్లే" అన్నాడు. పండించినవాడిదే పంట అని పట్నం కుర్రాళ్ళు సభల్లో చెబుతారు. ఆ మాట నీళ్ళకు ముందే తెలుసు.

దొర ఎండలో కట్ట మీద కూలబడ్డాడు. గొంతు ఆరిపోయింది. పాక్కుంటూ కాలువ దగ్గరికి పోయి రెండు చేతులూ ముంచాడు. వంతు అతనిది కాదు కనుక నీళ్ళు చేతులకు అటొక పాయ, ఇటొక పాయగా చీలి, తగలకుండా పోయాయి. మళ్ళీ ముంచాడు. చేతులు పొడిగానే వచ్చాయి. గడి వైపు చూశాడు. అక్కడ బావి లేదు, ఉత్త గుంత ఉంది. తల ఎత్తి సరోజనను చూశాడు.

"ఒక్క దోసెడు. రా అనవే" అన్నాడు. పెదవులు కదిలాయి తప్ప చప్పుడు రాలేదు.

అయినా సరోజనకు అర్థమైంది. అలాంటి పెదవులను ఆమె ఇంతకు ముందు చూసింది.

"గిన్నె మునిగినంక మీ వంతే దొరా" అని, గోలెం పక్కన కూర్చుంది.

గిన్నె తేలుతూ ఉంది.