ఖాళీ కుర్చీ సాక్ష్యం

బావను పట్టించింది తనే. ఆ సంగతి మింగుడుపడక, ల్యాబ్‌లో కాఫీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది ఆమె.

రక్తపరీక్షల రిపోర్టుల నకళ్లు దాచే సర్వర్ బాధ్యత ఆమెది. వారం నుంచీ ఎవరో తప్పుడు పాస్‌వర్డ్‌తో అందులోకి చొరబడాలని చూస్తున్నారు. ఎక్కణ్ణుంచా అని ఆరా తీస్తే, అదే ల్యాబ్‌లో పనిచేసే అక్క మొగుడి కంప్యూటర్ తేలింది. దాస్తే రేపు తన మెడకు చుట్టుకుంటుందని హడలిపోయి, నేరుగా మేనేజర్ చెవిన వేసింది.

నిన్న బావ మెడలోని కార్డు తీసేసుకుని ఇంటికి పంపేశారు. వెళ్తూ ఆయన ఒక్కటే అన్నాడు. "ముందు నన్నో మాట అడగొచ్చుగా, అమ్మడూ?"

అప్పట్నుంచీ అక్క ఫోన్ ఎత్తడం లేదు.

ఇంతలో స్క్రీన్ మీద ఎర్రగీత మెరిసింది. మళ్లీ అదే దొంగ, అదే కంప్యూటర్! గిరుక్కున తల తిప్పింది. బావ కుర్చీ ఖాళీ. పక్కన రక్తం పరీక్షించే యంత్రం మాత్రం తన మానాన తాను తిరుగుతోంది.

అప్పుడు తట్టింది. ఆ యంత్రంలో రిపోర్టు తయారైనప్పుడల్లా బావ కంప్యూటర్ దాని నకలును తనంతట తానే సర్వర్‌కు పంపుతుంది. వారం కిందట సర్వర్ పాస్‌వర్డ్ మార్చింది తను. కొత్తది ఆ కంప్యూటర్‌లో పెట్టడం మరిచిందీ తనే. అది పాతదాంతోనే తలుపు బాదుతోంది పాపం.

ఒక్క ఉదుటున వెళ్లి బావ కుర్చీలో కూర్చుంది. కొత్త పాస్‌వర్డ్ కొట్టింది. ఇక ఎంటర్ నొక్కడమే తరువాయి. నొక్కితే అంతా సద్దుమణుగుతుంది. దొంగ పోయాడు, దొంగతనం ఆగిందనుకుంటారు. తను చల్లగా బయటపడుతుంది. బావ జన్మలో బయటపడడు.

కొట్టిందంతా చెరిపేసింది.

"సార్, ఒకసారి రండి. దొంగ ఇంకా తలుపు తడుతున్నాడు."

మేనేజర్ వచ్చి ఎర్రగీతనూ ఖాళీ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. "మరి ఎవరి నిర్వాకమమ్మా ఇది?"

"నాదే సార్."

సాయంత్రం, మేనేజర్ తిరిగిచ్చిన బావ కార్డు పట్టుకుని అక్క ఇంటికి వెళ్లింది. అక్క తలుపు తీసి పక్కకు తప్పుకుంది, రమ్మని మాత్రం అనలేదు. బావ కార్డు అందుకుని మెడలో వేసుకున్నాడు.

"నయం, ఉరితాడు తెచ్చావనుకున్నా!"

"తప్పయిపోయింది బావా."

"సర్లే, వదిలెయ్."

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని, బావ రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. "మరదలు గారూ! పాస్‌వర్డ్ కొడుతున్నాను. కాస్త వచ్చి పక్కన నిలబడతారా?"

ల్యాబంతా గొల్లున నవ్వింది. ఆమె లేచి వెళ్లి నిలబడింది. అమ్మడూ అని ఆయన మళ్లీ పిలిచేదాకా, రోజూ నిలబడేలాగే ఉంది.