తలకింత

“తలలు తీస్తారటండీ! ఇదేం ఘోరం?” అంటూ దమయంతి మొగుడి మోచెయ్యి గిల్లింది.

కార్లో అనే ఐరిష్ ఊరి పొలిమేరలో ఉన్న ఆ మూడు గదుల బడిలో పేరెంట్స్ మీటింగ్ జరుగుతోంది. వేడి బజ్జీ నోట్లో పెట్టుకున్నట్టు మాట్లాడే ప్రిన్సిపాల్ మిసెస్ కీలీ, బడి బతికేదే ‘క్యాపిటేషన్’ మీద అని అప్పుడే సెలవిచ్చింది. దమయంతి చెవిలో అది ‘డీక్యాపిటేషన్’ అయి కూర్చుంది.

“తలలు తీయడం కాదే, తలమాసినదానా!” అన్నాడు పున్నయ్య. “క్యాపిటేషన్! మా నాన్న గుంటూరులో నా ఇంజినీరింగ్ సీటుకి కట్టాడు చూడు, అదీ. ఈ దేశంలోనూ ఉందన్నమాట. దొరలు కదా, పైకి చెప్పరు.”

పక్క బల్ల మీదున్న జాన్ బాబు ఏదో అనబోయి ఊరుకున్నాడు. పున్నయ్య ఇంట్లో అద్దెకుంటున్న మనిషి ఊరుకోవడమే మేలని అతనికి తెలుసు.

పున్నయ్యకి రెండిళ్ళు. ఒకటి ఉండటానికి, ఒకటి ఉన్నదని చెప్పుకోవడానికి. రెండింటికీ ఏడాదికోసారి ప్రాపర్టీ టాక్స్ కట్టి, ఏడాది పొడుగునా దాన్ని గురించి మాట్లాడేవాడు. నోట్లో పన్ను సలిపితే పీకించుకోవచ్చు. పున్నయ్య పన్ను పక్కవాళ్ళని సలిపేది. అందుకే తెలుగువాళ్ళు అతని వెనకాల ‘పన్నయ్య’ అనేవాళ్ళు. ఆ పన్నుతోనే ఈ బడి నడుస్తోందని అతని నమ్మకం. ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

ఆ బడి మీద అతనికి అంత మమకారం ఉండటానికి కారణం ఎనిమిదేళ్ళ కూతురు యోగిత. అక్షరాలు చూస్తే ఆ పిల్ల బిగుసుకుపోయేది, మాట గొంతులోనే తెగిపోయేది. కొత్తగా వచ్చిన మిస్ ఈఫా దగ్గర చేరాక మొదటిసారి ఒక పేజీ చివరిదాకా పైకి చదివింది. ఆ రోజు పున్నయ్య తలుపు చాటున నిలబడి విని, ముక్కు చీదుకుని, జలుబని అబద్ధమాడాడు. ఆ టీచరమ్మ ఇంకో రెండేళ్ళుంటే తన కూతురు గట్టెక్కుతుందన్నది అతనికున్న ఒకే ఒక్క ఆశ.

యోగిత పుట్టినరోజుకి లూకన్ అనే ఊరి నుంచి స్నేహితులు కార్లలో దిగారు. సొంత ఇళ్ళవాళ్ళకి పింగాణీ పళ్ళేలు వచ్చాయి. జాన్ బాబుకి, అతని భార్య ప్రిస్కిల్లాకి, ముగ్గురు పిల్లలకి పేపరు ప్లేట్లు వచ్చాయి. జాన్ బాబు వృద్ధుల హోమ్‌లో కేరర్, ప్రిస్కిల్లా వాటర్‌ఫోర్డ్ ఆస్పత్రిలో నర్సు. ఇద్దరూ షిఫ్టు దిగి, నలిగిన బట్టలతోనే వచ్చారు. పెద్దపిల్ల అబిగేయిల్, యోగిత ఒకే క్లాసు, ఒకే బల్ల.

“ఏమోయ్ జాన్ బాబూ, మూడోవాణ్ణి కూడా సెప్టెంబర్లో మా బళ్ళోనే వేస్తున్నావటగా?” అని పున్నయ్య అందరికీ వినబడేలా అడిగాడు.

“ఆయ్, జోజిగాడికి అయిదో ఏడు వచ్చేత్తందండి.”

“వెయ్యి, వెయ్యి. కనడం నీ వంతు, కట్టడం నా వంతు!”

ప్రిస్కిల్లా చేతిలో గరిటె ఆగిపోయింది. జాన్ బాబు ప్లేటు కింద పెట్టి, మెల్లిగా, మర్యాదగా అన్నాడు.

“కట్టేది మీరేనండన్నయ్యగారూ. కట్టమని నెలనెలా మీ చేతిలో పెట్టేది మాత్రం నేనండి.”

లూకన్ వాళ్ళు పకాలున నవ్వారు. ఒకాయనకి బిర్యానీ కొరబోయింది కూడా. పున్నయ్య కూడా నవ్వాడు గాని, ఆ నవ్వు మొహమ్మీద చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మర్నాడే జాన్ బాబుకి నోటీసు వెళ్ళింది. ఇండియా నుంచి తమ్ముడు గిరీష్ దిగుతున్నాడు, ఇల్లు కావాలి. సొంత మనిషి కోసమంటే చట్టమూ అడ్డు చెప్పదు.

“మీకు తమ్ముడెక్కణ్ణుంచి పుట్టుకొచ్చాడండీ?” అంది దమయంతి.

“నిన్న పుట్టాడు. పేరు కూడా నేనే పెట్టేశా. బారసాల నువ్వు చెయ్యి.”

“అబిగేయిల్ లేకపోతే మన యోగి బల్ల మీద ఎవరితో చదువుతుంది?”

“టీచరుతో చదువుతుంది. ఆ టీచరుకి జీతమిచ్చేది మన పన్ను. మరీ అవసరమైతే క్యాపిటేషన్ పడేస్తాను.”

జాన్ బాబు రెండుసార్లు వచ్చాడు. యూనివర్సిటీ పిల్లలతో కార్లో నిండిపోయింది, అద్దె ఇల్లు దొరకడం లేదు. రెండోసారి గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “పిల్లలు ఈ బడికి అలవాటు పడిపోయారండి. కావాలంటే అద్దె పెంచుకోండన్నయ్యగారూ.”

“నేను నీకు పెంచాల్సింది అద్దె కాదు జాన్ బాబూ, నీకు తెలియాల్సింది హద్దు,” అన్నాడు పున్నయ్య. ఆ ప్రాస తనకే నచ్చి, సాయంత్రం లూకన్‌కి ఫోన్ చేసి మళ్ళీ చెప్పుకున్నాడు.

ఆగస్టులో వాళ్ళు వాటర్‌ఫోర్డ్ వెళ్ళిపోయారు. వ్యాన్ ఎక్కుతూ అబిగేయిల్ యోగితతో, “యువర్ అంకుల్ నీడ్స్ మై రూమ్, లైక్,” అంది అక్కడి యాసలో.

“వా... వాట్ అంకుల్?” అంది యోగిత.

పున్నయ్య ఆ ఇంటిని ముగ్గురు విద్యార్థులకి అంతకంటే ఎక్కువ అద్దెకిచ్చి, దేవుడున్నాడనుకున్నాడు.

మళ్ళీ వసంతం వచ్చింది, మళ్ళీ అదే హాలు, అవే బిస్కెట్లు. పిల్లలు వెనక గోడ వారన కూర్చున్నారు. మిసెస్ కీలీ ఈసారి కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని చెప్పింది. వచ్చే సెప్టెంబరు నుంచి బడికి మూడో టీచరు ఉండదు. చివర చేరినవాళ్ళే ముందు వెళ్ళాలి గనక మిస్ ఈఫా వెళ్ళిపోతుంది. ఆమె పిల్లలు పెద్దగదిలో కలిసిపోతారు.

పున్నయ్య కుర్చీ తన్నుకుని లేచాడు. “ఎందుకు పోతుంది? నేను రెండిళ్ళకి టాక్స్ కట్టాను! టైముకి కట్టాను! చాలకపోతే చెప్పండి, క్యాపిటేషన్ కూడా కడతాను! ఎంత?”

మిసెస్ కీలీ పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

“మీ ప్రాపర్టీ టాక్స్ కౌంటీ కౌన్సిల్‌కి వెళ్తుందండీ. దాంతో రోడ్లు, వీధి దీపాలు, లైబ్రరీ. మాకు ఒక్క సుద్దముక్క కూడా రాదు. బడికి ప్రభుత్వం ఇస్తుంది, అదీ పిల్లల లెక్కన. ఎంతమంది ఉంటే అంత డబ్బు. దాన్నే క్యాపిటేషన్ అంటాం. తలకింత. అది మీరు కట్టేది కాదు, పిల్లలు తెచ్చేది. టీచర్లూ అంతే, సెప్టెంబరు చివర్న తలలు లెక్కపెట్టి ఇస్తారు. పోయిన సెప్టెంబర్లో మాకు ముగ్గురు తగ్గారు. ఆ ముగ్గురూ ఉండుంటే మిస్ ఈఫా ఉండేది.”

“ఏ ముగ్గురు?” అని ముందు వరసలోని ముసలాయన అడిగాడు.

“అబిగేయిల్, వాళ్ళ తమ్ముడు, కొత్తగా చేరాల్సిన చిన్నవాడు. ఇంటివాళ్ళ తమ్ముడు వస్తున్నాడని ఖాళీ చేయాల్సొచ్చింది, పాపం.” మిసెస్ కీలీ నిజమైన ఆప్యాయతతో పున్నయ్య వైపు తిరిగింది. “అన్నట్టు, మీ తమ్ముడు బాగున్నాడా? కార్లో నచ్చిందా?”

పున్నయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్ళుగా అంత్యప్రాసలు కురిపించిన నోరు. “గ్రాండ్,” అన్నాడు, బాగుందనడానికి ఆ ఊళ్ళో అనే మాట.

వెనక గోడ దగ్గర్నుంచి యోగిత లేచి నిలబడింది. “డా... డా... డాడీ...” అని, తరవాతి మాట రాక, అలాగే నిలబడిపోయింది. మిస్ ఈఫా వెళ్ళి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు లేచింది దమయంతి. ఎప్పుడూ మీటింగులో మాట్లాడని మనిషి తనకొచ్చిన ఇంగ్లీషులో అందరికీ అర్థమయ్యేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

“మా ఆయనకి తమ్ముడు లేడు. ఒక్కడే కొడుకు. మా ఊళ్ళో క్యాపిటేషన్ అంటే డబ్బున్నవాడు సీటు కొనుక్కోవడం. ఇక్కడా అంతేననుకున్నాడు. పోయినేడు మీరు ఆ మాట అన్నప్పుడు నాకు తలలు తీయడమని వినబడింది. ఈయన నన్ను తిట్టాడు.” ఆమె మొగుడి వైపు చూడలేదు. “తలలు తీసింది ఈయనే. మూడు.”