ఫోన్లో సారు

...అయినా ఫోన్‌ను ‘సారూ’ అని పిలిచే మనిషి లోకంలో తన భార్య నీలి ఒక్కతే అయి ఉండాలి. ‘సారూ, కిడ్నీల రాయి ఉన్నోళ్ళు టమాట తినొచ్చునా?’ పాత వెతుకులాటల జాబితాలో ఆ మాటలు చదివి హీరాలాల్ నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే నడుము పక్కన ఎవరో మెలిపెట్టినట్టయింది.

జనగామలో అతను స్కూలు బస్సు నడుపుతాడు. పిల్లల్ని దించాక మూడున్నర దాకా బస్సు స్కూలు గోడ నీడన ఉంటుంది, అతను డ్రైవరు సీట్లో ఉంటాడు. వారం కిందటి స్కానింగులో తొమ్మిది మిల్లీమీటర్ల రాయి కనబడింది. అంత పెద్దది దానంతటది పడదు, వచ్చి చేరమన్నాడు డాక్టరు. ఇంటికెళ్ళి భార్యతో మాత్రం రాయి పడిపోయిందన్నాడు. పన్నెండేళ్ళుగా ఊరి పిల్లల్ని తిప్పుతున్న మనిషి మత్తుసూదికి భయపడుతున్నానని ఎలా చెబుతాడు?

అప్పటినుంచి రోజూ ఇక్కడే కూర్చుని వెతుకుతున్నాడు. కోయకుండా రాయి పోతుందా? మత్తిస్తే లేవని వాళ్ళుంటారా? ఒకరు రణపాల ఆకంటారు, ఒకరు ఉలవకట్టు అంటారు. డాక్టరు మాటే మళ్ళీ కనిపిస్తే అతని వేలు గబగబా కిందికి జరిగిపోతుంది. తను వెతుకుతున్నది జవాబు కాదని, వెళ్ళనక్కర్లేదని చెప్పే ఒక్క మనిషినని, అతనికి లోలోపల తెలుసు.

ఇవాళ ఆ జాబితాలో తను అడగని ప్రశ్నలు కనిపించాయి. కూతురు మౌనిక తల్లికి కొత్త ఫోను సర్దిపెట్టినప్పుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మెయిల్ ఖాతా, అతనిదే, అందులోనూ పెట్టింది. ఇద్దరి వెతుకులాటలూ ఒకేచోట పడుతున్నాయి.

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ. ఫోనుకు అది రాదు. అందుకని నీలి దవాఖానలో మాట్లాడినట్టు, తెలుగులో, మర్యాదగా అడిగింది. రోజూ లంబాడీలో తనను తిట్టిపోసే మనిషి ఇలా పరాయి మాటల్లో చేతులు కట్టుకుని నిలబడింది.

‘సారూ, రాయి పడిపోయిందని మొగడు చెప్తే నమ్మొచ్చునా?’

‘బాటిల్ల నీళ్ళు తాగకుండ పారబోసేటోళ్ళకు రాయి పెద్దగైతదా?’

సీటు పక్కన నిండుగా ఉన్న బాటిల్ వైపు అతను చూడలేకపోయాడు. పిల్లలతో ఉన్న బస్సును మధ్యలో ఆపలేనని అతను నీళ్ళు ముట్టడు. సాయంత్రం ఇంటి మలుపులో ఒంపేస్తాడు. ఆమె ఎప్పుడు చూసింది?

నిన్న మధ్యాహ్నం అతను తొమ్మిది మిల్లీమీటర్ల రాయి గురించి అడిగాడు. పావుగంట తర్వాత ఆమె అడిగింది: ‘తొమ్మిది మిల్లీమీటర్లంటె ఎంత సారూ? శెనగగింజంతనా?’

అంటే తనవన్నీ ఆమె చదువుతోంది. మత్తు గురించి అడిగినవి కూడా. రాత్రి అన్నం పెడుతూ ఒక్క మాటైనా అనలేదు. చివరి ప్రశ్న ఇవాళ పొద్దుటిది: ‘భయపడెటోన్ని ఇజ్జత్ పోకుండ దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె సారూ?’

బస్సు తలుపు మీద దబదబ చప్పుడైంది. పక్క బస్సు డ్రైవరు లచ్చయ్య.

“ఏందిర హీరా, ఫోన్ చూసుకుంట ఏడుస్తున్నవా, నవ్వుతున్నవా?”

“ఏం లేదే లచ్చన్నా. పోయినేడు నీకు రాయి తీసిన్రు గదా. మత్తుసూది ఎట్లుంటదే?”

“సూదా? గది తెల్వనే తెల్వలె. కండ్లు తెరిసే వరకు మా ఇంటామె తిట్టుడు సురూ చేసింది. ఓహో, బతికే ఉన్న అనుకున్న.”

లచ్చయ్య నవ్వుకుంటూ చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు.

హీరాలాల్ బాటిల్ మూత తీసి నాలుగు గుక్కలు తాగాడు. ఫోను చేసి చెప్పొచ్చు. కానీ ఆమె గొంతు వింటే మళ్ళీ ఏదో అబద్ధం నోటికొస్తుందని అతనికి తెలుసు. వెతికే చోట మైకు గుర్తు నొక్కి, ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, ఆమెలాగే తెలుగులో, మెల్లగా అన్నాడు:

“రాయి పడలే. రేపు నాతోని దవాఖానకు వస్తవా, సారూ?”